నేను ఆమెన్ అన్న ఇళ్ళు

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక జరిగిన సంఘ సమావేశంలో నేను బెంచీ మీద నుంచి లేచింది మాట్లాడటానికి కాదు. పారిపోవడానికి.

"నోట్లో నాలుక లేదనుకున్నం, ఆ పిల్ల ఎంత ధైర్యంగ లేచిందో!" అని ఆ చర్చిలో ఇప్పటికీ చెప్పుకుంటారట. నేను కాదనలేదు. కాదనడానికి కూడా కొంచెం ధైర్యం కావాలి.

ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు నాకింకా రాలేదని తెలుసు. అలాంటివి పదవీ విరమణ చేసినవాళ్ళు రాయాలి, పింఛను వస్తుండాలి. కానీ ఒక ఉద్యోగంలో చేరి, ఒక సంఘాన్ని చీల్చినంత పని చేసి, ఎలాగో బయటపడి మానేసిన దాన్ని. ఇప్పుడు ఆ ఆఫీసు కుర్చీలో కూర్చుంటున్న చెల్లెలిలాంటి అమ్మాయికి, అలాంటి కుర్చీల్లోకి రాబోయే తక్కిన పిల్లలకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

మాది గుంటూరు వైపు. నాన్న ఉద్యోగం మీద హైదరాబాదు వచ్చి గుడిమల్కాపూర్‌లో ఉండిపోయాం. మేం లూథరన్లం. నేను చేరింది మెథడిస్టు చర్చి ఆఫీసులో. ఉస్మాన్‌గంజ్ టోకు దుకాణాల వెనక సందులో ఉంటుంది ఆ చర్చి. డిగ్రీ అయ్యాక ఇంట్లో నవలలు చదువుతూ, డైరీ రాసుకుంటూ కూర్చున్న నన్ను చూసి, నాన్న స్నేహితుడొకాయన, "కంప్యూటరు ముందు కూర్చుని టైపు చేసుకోవడమేనమ్మా, ఎవరితోనూ మాట్లాడే పని ఉండదు" అన్నాడు. జీతం ఎంతో కూడా అడగకుండా ఆ చివరి మాట కోసం చేరాను.

మొదట్లో ఆయన చెప్పింది నిజమే. ఆదివారం ఆరాధన క్రమం, పెళ్ళి ప్రకటనలు, ఆ వారం పుట్టినరోజుల వాళ్ళ పేర్లు టైపు చేసేదాన్ని. పాస్టరు గారు మెత్తటి మనిషి, ఆ ఏడాదే బదిలీ మీద వచ్చారు. మెథడిస్టుల్లో పాస్టర్లను ఒకచోట ఎక్కువ కాలం ఉంచరు. ఏడాదికోసారి కాన్ఫరెన్సులో బిషప్ గారు పేర్లు చదువుతారు, పేరు వినపడ్డవాళ్ళు ఇంటికొచ్చి సామాను కడతారు. అందుకని ఆ చర్చి గురించి మా పాస్టరు గారికి తెలిసింది నాకంటే తక్కువే.

అన్నీ తెలిసిన మనిషి స్టూవర్డు గారు. సంఘ వ్యవహారాలు చూసే పెద్ద. కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ ఆయన గొంతు పెంచితే, ఎవరింటి ఫ్యూజు పీకడానికి వచ్చాడో అనిపిస్తుంది. ఒకరోజు ఆయన ఆఫీసులోకి వచ్చి, నేను అక్కడ లేనట్టే పాస్టరు గారితో అన్నాడు.

"మన సంఘానికి నూరేండ్లు నిండుతున్నయి. చరిత్ర రాయాలె. ఈ పిల్ల ఖాళీగనే ఉంది గద?"

పాస్టరు గారు నా వైపు చూశారు. నేను తలూపాను. తలూపడం నాకు మాట్లాడటం కంటే ఎప్పుడూ తేలిక.

"మొదటి ఆరాధన ఏ ఇంట్ల జరిగిందో ఆ ఇంట్లనే కొవ్వొత్తి ముట్టించాలె. ఊరేగింపుగ చర్చికి తేవాలె. ఆ ఇంటోళ్ళే ముందల నడవాలె. బిషప్ గారు గేటుకాడ అందుకుంటరు."

"ఏ ఇల్లండీ అది?" అన్నాను. ఆయనతో నేను మాట్లాడిన మొదటి మాట అదే.

"మా ఇల్లే. అయినా నువ్వు అందర్నీ అడుగు. రేపు ఎవ్వరు ఏమనొద్దు."

ఆయన వెళ్ళాక పాస్టరు గారు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించారు.

"అమ్మా, నాకు ముందున్న పాస్టరు కాలంల డోలకా, డ్రమ్సా అని లొల్లయ్యింది. డ్రమ్సోళ్ళు పోయి వేరే హాలు పెట్టుకున్నరు. ఇప్పుడు ఈ ఇంటి లొల్లితోని ఇంకొందరు పోయిండ్రనుకో, నన్ను వచ్చే కాన్ఫరెన్సుల ఏ మూలకేస్తరో. మావాడు ఇంటర్ సెకండియర్. ఈ ఒక్క ఏడు ఎట్లనన్న సంఘాన్ని కలిపి ఉంచు తల్లీ."

సంఘాన్ని కలిపి ఉంచమని అంతకుముందు నన్నెవరూ అడగలేదు. మా ఇంట్లో ఆవకాయ కూడా నన్ను కలపనివ్వరు.

*

చరిత్ర సేకరించడమంటే ప్రశ్న అడిగి జవాబు రాసుకోవడం అనుకున్నాను. ఫోన్లో రికార్డింగు పెట్టుకుని మొదట పాటల బృందం నడిపే అన్నగారింటికి వెళ్ళాను. బైకుల స్పేర్‌పార్టుల దుకాణం ఆయనది. కూర్చోగానే ఒక పాట పాడారు. తర్వాత ప్రార్థన. తర్వాత ఆయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, దేవుడు తమ ఇంట చేసింది చెప్పుకునే సాక్ష్యం మొదలుపెట్టాడు. సాక్ష్యం చెబుతున్న మనిషిని మధ్యలో ఆపకూడదు. అది ఏ సంఘంలోనైనా అంతే.

"మా తాత ఇంట్ల గోనెపట్టా పరిచిండ్రు. గదే మొదటి ఆరాధన. మిషనరీ తెల్లదొర ప్రార్థన మొదలువెట్టిండో లేదో, అందరి కండ్లల్ల నీళ్ళు! ఏడ్పంటే ఏడ్పు! దొర గూడ ఏడ్సిండు. పరిశుద్ధాత్మ దిగిన దినం చెల్లే అది."

తర్వాత బగారా అన్నం, మటన్. వద్దంటే వాళ్ళావిడ, "సిగ్గుపడితే చరిత్రెట్ల రాస్తవు?" అని ఇంకో గరిటె వేసింది. బయల్దేరేముందు ముగింపు ప్రార్థన ఆవిడే చేసింది.

"ప్రభువా, నీ స్తోత్రం. ఈ సంఘాన్ని ఈ ఇంట్లనే పుట్టించినవు తండ్రీ. ఆ సత్యాన్ని ఈ బిడ్డ చేతితోని రాయించు తండ్రీ..."

చివర నేను కూడా "ఆమెన్" అన్నాను.

అనకుండా ఎలా ఉంటాను? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి ప్రార్థన ఆగిన చోట నా నోటి నుంచి ఆ మాట దానంతటదే వస్తుంది. డాక్టరు మోకాలి మీద సుత్తితో తడితే కాలు లేచినట్టు. అయినా ఎదుటి మనిషి కళ్ళు మూసుకుని దేవుడితో మాట్లాడుతుంటే, మధ్యలో నేను "ఇంకా విచారించాలండీ" అనలేను కదా.

రెండో ఇల్లు స్టూవర్డు గారిది. అక్కడా పాట, ప్రార్థన, సాక్ష్యం. అక్కడా గోనెపట్టా, కన్నీళ్ళు, ఏడ్చిన దొర. డబల్ కా మీఠా అదనం. "మా ఇంట్లనే నాటిన ఈ విత్తనము గురించి నీ దాసురాలు మర్చిపోకుండ..." ఆమెన్.

ఇలా ఏడిళ్ళు తిరిగాను. ప్రతి ఇంట్లోనూ సంఘం పుట్టింది. ప్రతి ఇంట్లోనూ నేను తిన్నాను, ఆమెన్ అన్నాను. జాకెట్లు బిగుతవుతుంటే అమ్మ అనుమానంగా చూసి, "చర్చి ఉద్యోగమా, కేటరింగా?" అంది.

ఏడో ఇల్లు అమ్మమ్మది. సంఘమంతా ఆమెను అలాగే పిలుస్తారు. పెద్దాసుపత్రిలో నర్సుగా చేసింది. ఎనభై దాటాయి. మోకాళ్ళ నొప్పులని చర్చిలో తలుపు పక్కన చివరి బెంచీలో కూర్చుంటుంది. రెండు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటుంది. నేను గుమ్మంలో ఉండగానే అడిగింది.

"నువ్వేనా గా ఆంధ్ర పిల్లవు? ఇంటింటికి తిరిగి తింటున్నవంట?"

"తింటున్నానండీ."

"మంచిపని. కూసో. స్టూవర్డు వాళ్ళింట్ల మొదలైందని చెప్పిండా నీకు? వాళ్ళ తాత చర్చికొచ్చిందే క్రిస్మస్ కేకు కోసం. గది రాయకు."

"రాయనండీ."

"రాస్తే గూడ మంచిదే."

తరువాత ఆమె గొంతు మారింది. మొదటి ఆరాధన తమ ఇంట్లో జరిగిందని వాళ్ళమ్మ చెప్పేదట. గోనెపట్టా, దొర, కన్నీళ్ళు. "ఏడ్సిండ్రంటే గట్లిట్ల గాదు బిడ్డా. ముక్కులు చీదుకుంట, పాడుకుంట, మళ్ళ చీదుకుంట. తుడ్సుకునేటందుకు ఒక్కొక్కలకు రెండేసి దస్తీలు సాల్లేదంట." చెబుతుంటే ఆమె కళ్ళు కూడా తడిశాయి. ఆమెకు పిల్లల్లేరు. ఈ కబురు తప్ప వెనక వదిలి వెళ్ళడానికేమీ లేదని మాటల మధ్య అంది. కొవ్వొత్తి తనింట్లో వెలగాలని, తను ముందు నడవలేకపోయినా కుర్చీలో కూర్చోబెట్టి మోసుకెళ్ళాలని ఆమె కోరిక. కుర్చీ ఎవరు మోయాలో కూడా ఖాయం చేసి పెట్టుకుంది. ఖీమా వడ్డించి, నేను చేయి కడుక్కోగానే ప్రార్థన మొదలుపెట్టింది.

"ప్రభువా, ఈ పిల్లకు జర ధైర్యమియ్యి. దీని నోరు తెరువు. తెరిచి, మా ఇంటి పేరు చెప్పించు."

ఆమెన్.

*

అప్పటికి నాకు నిద్ర పట్టడం మానేసింది. ఏ ఇల్లు రాసినా ఆరిళ్ళ వాళ్ళు వెళ్ళిపోతారు. పాస్టరు గారు బదిలీ అవుతారు. వాళ్ళ అబ్బాయి ఇంటర్ తప్పుతాడు. అదంతా నా వల్లే.

మిరపకాయల కాలం వచ్చింది. ఒక ఉదయం బస్సు దిగి ఉస్మాన్‌గంజ్‌లో నడుస్తుంటే ఒక గోదాము ముందు లారీ దింపుతున్నారు. హమాలీలు మొహాలకు తువ్వాళ్ళు కట్టుకున్నారు. నేను కట్టుకోలేదు. తుమ్ము వచ్చింది. ఆ వెనకే ఇంకొకటి. కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. ముక్కు చీదుకుంటూ గోడ పట్టుకుని నిలబడ్డాను. ఒక హమాలీ ఆగి జాలిగా, "క్యా హువా అమ్మా, ఎవరన్న పోయిండ్రా?" అన్నాడు.

అప్పుడు తట్టింది. ముక్కులు చీదుకుంట, పాడుకుంట, మళ్ళ చీదుకుంట.

గోదాములోకి తొంగి చూశాను. నేలంతా పొడుగాటి గోనెపట్టాలు పరిచి ఉన్నాయి. లోపలికి వెళ్ళి అడిగితే సరిపోయేది. కానీ లోపల గద్దె మీద తెల్ల చొక్కా సేఠ్ ఒకాయన కూర్చుని ఉన్నాడు. నేను దుకాణం దాటి వెళ్ళాను, తిరిగి వచ్చాను, మళ్ళీ దాటి వెళ్ళాను. ఆయనే కేకేశాడు.

"ఏ బేటీ! మిర్చి లేనా హై, యా సిర్ఫ్ రోనా హై?"

మిర్చి కొంటావా, ఊరికే ఏడ్చి పోతావా అని. ఏడుస్తూనే అడిగాను, చాలా ఏళ్ళ కిందట ఇక్కడెవరైనా పాటలు పాడేవాళ్ళా అని. ఆయన పెద్దగా నవ్వాడు.

"పాదరీ లోగ్? హా! మా తాత చెప్తుండె. ఆదివారం దుకాణ్ బంద్ కదా. పాపం ఎక్కడా జాగా లేదంటే, మా ముత్తాత గోదాంల కూసోమన్నడు. ఒక గోరా సాబ్, కొంతమంది మనోళ్ళు. గానా, బజానా, ఛీంక్‌నా. ఒకటే తుమ్ములు. సీజన్ మాల్ వచ్చినంక జాగా లేక జావో భాయ్ అన్నడు. కిందేసుకునేటందుకు పట్టా గూడ ఇచ్చి పంపిండు." వేలు పైకెత్తాడు. "ఓ పట్టా అభీ తక్ వాపస్ నహీ ఆయా." ఆ పట్టా ఇంతవరకూ తిరిగి రాలేదని.

అక్కడి నుంచి చర్చి దాకా పరుగులాంటి నడకతో వెళ్ళాను. ఏడిళ్ళ కథల్లోనూ ఆ పట్టాయే ఉంది. పాడితే అద్దె ఇంటి యజమానులు ఊరుకోక, ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి దాన్ని మోసుకుంటూ తిరిగి ఉంటారు. దానికి పట్టిన మిరప ఘాటుకు, అది ఏ ఇంట్లో పరిస్తే ఆ ఇంట్లో అందరూ ఏడ్చారు. ఏడిళ్ళ వాళ్ళూ నిజమే చెప్పారు. మొదటి ఇల్లు మాత్రం ఏడింటిలో ఏదీ కాదు.

పాస్టరు గారు అంతా విని, కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"అమ్మా, ఈ మాట ఈ గదిలనే ఉండాలె. నూరేండ్ల సంది ఆత్మ దిగిందని సాక్ష్యం చెప్పుకుంటున్నరు. మిర్పకాయ అని నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?"

ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరిలో ఎవరికీ అంత ధైర్యం లేదని ఇద్దరికీ తెలిసిపోయింది.

*

సమావేశం ఆదివారం ఆరాధన తర్వాత. నేను గోడ పక్కన, ఫ్యాను కింద కాకుండా, ఎవరికీ కనపడని చోట కూర్చున్నాను. స్టూవర్డు గారు లేచాడు.

"ఆఫీసు పిల్ల ఇంటింటికి పోయి విచారణ చేసింది. వెలుగు మా ఇంటి నుంచి బయల్దేరుతదని చెప్పేటందుకు సంతోషిస్తున్న."

"ఎవలు చెప్పిండ్రు?" అని పాటల అన్నగారు లేచాడు. "మా ఇంట్లనే మొదలైందని ప్రార్థన చేస్తే ఆ పిల్ల ఆమెన్ అన్నది!"

"మా ఇంట్ల గూడ అన్నది!"

"మాకాడ రెండుసార్లు అన్నది. కండ్లు మూసుకొని అన్నది!"

"గట్లెట్ల? మా ఇంట్ల బగారా తిని మరీ అన్నది!"

"దేవుని ముందల మాటిచ్చి తప్పుతదా? లూథరన్లు గింతేనా?"

చివరికి మా గుంటూరు సంఘం పరువు కూడా పోయింది. ఒకాయన బైబిలు చంకలో పెట్టుకుని, "పదండి, ఇట్లయితే మాకు ఇంకో హాలు దొరకదా?" అని ఇంటివాళ్ళను లేపాడు. వాళ్ళ వెనక ఇంకో బెంచీ కదిలింది. పాస్టరు గారు చెయ్యెత్తి "ప్రార్థన చేద్దాం" అన్నారు. ఇప్పుడు ఏ ప్రార్థన చేసినా నేను మళ్ళీ ఆమెన్ అంటాను.

లేచాను. గోడ వెంట వెళ్ళిపోతే తలుపు. తలుపు దగ్గర చివరి బెంచీలో అమ్మమ్మ. నేను అక్కడికి చేరేసరికి ఆమె చేతికర్రను దారికడ్డంగా, ఎదుటి గోడకు తాకేలా చాపింది.

"ఆగుండ్రి! పిల్ల లేసింది. చెప్తదంట."

చర్చంతా వెనక్కి తిరిగింది. వెళ్ళిపోతున్నాయన బైబిలుతో సహా ఆగాడు. మా ఇంట్లో బంధువులొస్తే పుస్తకం పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళిపోయే మనిషిని. అప్పుడు మాట్లాడింది నాకు ఇప్పటికీ నా గొంతులా వినపడదు.

"మీ తాతలు ఏడ్చారు కదండీ. తుమ్మారా?"

పాటల అన్నగారు నెమ్మదిగా అన్నాడు. "తుమ్మిండ్రు. మా నాయనమ్మ చెప్పేది. ఎందుకని అడగలే."

"మా ఇంట్ల గూడ... దొర తుమ్మి తుమ్మి కండ్లద్దాలు కిందేసుకున్నడంట."

స్టూవర్డు గారి భార్య ఆడవాళ్ళ వైపు నుంచి భర్తను చూసి, "మా అత్తమ్మ చెప్పేది గద, చెప్పవేందయ్యా?" అంది.

ఇక ఆగలేదు నేను. గోదాము, సేఠ్, గోనెపట్టా, అంతా చెప్పాను.

"అంటే?" స్టూవర్డు గారి గొంతు లేచింది. "మిర్చి గోదాంల పుట్టిందని రాసుకోవాల్నా మన సంఘం? బిషప్ గారి ముందల? నలుగురు నవ్వరా?"

నేను అమ్మమ్మ వైపు చూడలేకపోయాను. ఈ చర్చిలో అందరికంటే ఎక్కువ పోగొట్టుకుంది ఆమే. కర్ర ఇంకా నాకు అడ్డంగానే ఉంది. అది సన్నగా వణకడం మొదలుపెట్టింది. ఏడుస్తోందనుకున్నాను. చూస్తే నవ్వుతోంది.

"రెండేసి దస్తీలు!" అంది ఊపిరాడక. "మా అమ్మ సచ్చేదాంక చెప్పింది. గుంటూరు పిల్లొచ్చి చెప్తే గాని మిర్పకాయ సంగతి తెల్వలే!" కొంగుతో కళ్ళు ఒత్తుకుని, కర్ర నేలకు కొట్టింది. "ఏమయ్యా స్టూవర్డు, పశువుల పాకల దేవుడే పుట్టంగ, మిర్చి గోదాంల సంఘం పుడితే నీకేంది?"

స్టూవర్డు గారు పెంచిన గొంతు దించి, కూర్చున్నాడు. కరెంటాఫీసు ఉద్యోగంలో కూడా ఆయనకలా జరిగి ఉండదు. బైబిలు చంకలో పెట్టుకున్నాయన, కాసేపు నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అందరితోపాటు నేనూ ఆమెన్ అన్నాను. ఈసారి భయం వేయలేదు.

*

నూరేళ్ళ పండుగ రోజున సేఠ్ గోదాము కడిగించి, గుమ్మానికి బంతిపూల తోరణం కట్టించాడు. కడిగితే పోయే ఘాటు కాదు అది. కొవ్వొత్తి వెలిగించి మొదటి చరణం ఎత్తుకోగానే పాటల బృందం మొత్తం తుమ్మింది. గేటు దగ్గర ఆగకుండా ముచ్చటపడి అక్కడికే వచ్చిన బిషప్ గారు కళ్ళు ఒత్తుకున్నారు. స్టూవర్డు గారు ధారగా ఏడుస్తూ, "సూసిండ్రా, మళ్ళ దిగింది!" అన్నాడు.

సంఘం తరఫున సేఠ్‌కు కొత్త గోనెపట్టా చుట్ట కట్టి ఇచ్చారు. ఆయన భుజం మీద వేసుకుని, "బ్యాజ్ కహాఁ హై?" అని నవ్వించాడు. ఇన్నేళ్ళకు వడ్డీ ఎక్కడ అని. ఏడిళ్ళ వాళ్ళూ వరసగా కొవ్వొత్తి మార్చుకుంటూ మోశారు. అందరికంటే ముందు కుర్చీలో అమ్మమ్మ. ఆమె ఖాయం చేసిపెట్టిన కుర్రాళ్ళే మోశారు. అదెందుకని ఎవరూ అడగలేదు. సంఘ చరిత్ర అచ్చువేసిన సంచికలో నేను ఏడిళ్ళ పేర్లూ అకారాది క్రమంలో వేశాను. దానికీ ఒకరు అలిగారు కానీ హాలు వెతకలేదు.

పాస్టరు గారి అబ్బాయి ఇంటర్ పాసయ్యాడు. ఆ పై ఏడు పాస్టరు గారిని ఎలాగూ బదిలీ చేశారు. నాకు ఒక కాలేజీ గ్రంథాలయంలో ఉద్యోగం వచ్చింది. పుస్తకాలు అన్నం పెట్టవు, ప్రార్థన చేయించవు.

చెల్లీ, ఆ కుర్చీలో కూర్చున్నందుకు నీకు చెప్పగలిగింది ఒక్కటే. ఎవరింటికి వెళ్ళినా చివరిదాకా విను, వాళ్ళు మర్యాద కోసం వదిలేసే ముక్కు చీదడాల దాకా. తక్కినది అమ్మమ్మ నాకంటే బాగా చెప్పింది.

వెళ్ళిపోతున్నానని చెప్పడానికి ఆమె ఇంటికి వెళ్ళాను. మంచం మీదే ఉంది. పక్కింటావిడ చేత ఖీమా చేయించి, దగ్గరుండి తినిపించింది. తరువాత నా తల మీద చెయ్యి పెట్టి, ఈ పిల్ల మళ్ళ మళ్ళ మా ఇంటికి రావాలె ప్రభువా, అని ప్రార్థన చేసింది. నేను ఆమెన్ అన్నాను. ఆ ఒక్క ఆమెన్ నేను నిలబెట్టుకోలేకపోయాను. మళ్ళీ వెళ్ళేలోపే ఆమె పోయింది.

ఆ రోజు గుమ్మం దాకా వచ్చేశాక వెనక నుంచి పిలిచింది. తిరిగి చూశాను.

"ఈసారి యాడికన్న పోతే, వాళ్ళు ప్రార్థన మొదలువెట్టంగనే నోట్ల ఒక బుక్క పెట్టుకో బిడ్డా. నోరు నిండుంటే ఆమెన్ రాదు."